అస్తరు కింద

ఏకాంబరం తెచ్చిన సంచిలో
గళ్ళ ఉన్ని గుడ్డ, కలరా ఉండల వాసన,
తెగిన తోలు పట్టీ ఒకటి.
"ఈ బకిలు కుట్టిస్తే చాలు కుప్పక్కా,
పదైదో తేదీ పెరేడు."
ఎవరిదిరా ఈ పావడ అంటే
పోలీసు బ్యాండు మొత్తానికీ పరువు పోయినట్టు
"కిల్టక్కా, కిల్టు" అన్నాడు.

సంతపేటలో ముప్పై ఏళ్ళుగా
జాకెట్లకు చంకలు వదులు చేసిన చేయి నాది.
పట్టీ ఎందుకు తెగిందో తెలియకుండా
పట్టీ కుట్టను.
బ్లేడు మూలతో అస్తరు విప్పాను,
చింతపండులో ఈనె లాగినంత మెల్లగా.

లోపల ఇంకో బట్ట.
ముతక కేన్వాసు, అరచెయ్యంత వెడల్పు,
నడుం వెనక ఈ కొసనుంచి ఆ కొసకు.
పట్టీ బిగించినప్పుడల్లా ఆ లాగుడంతా
దీని మీదే.
మెచ్చుకోళ్ళు మాత్రం పైనున్న ఉన్నికి.

కుచ్చులు ఇరవై ఏడు.
నడుము దగ్గరికి వచ్చేకొద్దీ సన్నబడుతూ,
గీత మీద గీత వాలి.
దారం ఎక్కడ దిగిందో ఎక్కడ తేలిందో
కళ్ళద్దాలు తుడుచుకుని వెతికినా దొరకలా.
చేతికుట్టు.
ఒకచోట మాత్రం ఆకుపచ్చ దారం అయిపోయి
నల్లది వాడుకున్నాడు.
అక్కడ అతను నాకు చుట్టమయ్యాడు.

కేన్వాసు మీద పెన్సిలుతో రెండు వంకర గీతలు.
ఉర్దూ అక్షరాలేమో.
పేరనుకున్నా, మొక్కనుకున్నా,
ఏదో ప్రేమ సంగతి అని కూడా అనుకున్నా.
సాయంత్రం బొగ్గుల అంగడి ఖలందర్ సాయిబుకు చూపిస్తే
"ముప్పై నాలుగు" అన్నాడు.
నడుము కొలత.

ఏకాంబరానిది ముప్పై ఏడు.
అదీ సంగతి. తప్పు తోలుది కాదు,
రాత్రి డ్యూటీ పరోటాలది.
ముందు మడత అంచు విప్పితే
కత్తిరించకుండా లోపలికి మడిచి వదిలిన ఉన్ని,
నాలుగంగుళాలు, రంగు వెలవకుండా.
తాను చూడబోని పొట్టకోసం
ఎవరో ముందే దాచిపెట్టినాడు.
నేను ఎన్ని జాకెట్లలో ఆ మిగులు కత్తిరించి
బొంతల వాళ్ళకు తూకానికి వేశానో.

పురుగు తిన్న మూడు బొక్కలకు
ఆ మడతలోంచే పోగులు లాగి అల్లాను.

మరుసటి రోజు కొత్తవీ పట్టుకొచ్చాడు,
టెండరు సరుకు, పన్నెండు.
బయటికి తళతళ.
లోపల కేన్వాసు లేదు, జిగురు ఉంది.
ఇస్త్రీపెట్టె తగలగానే కుచ్చులు
తడిసిన అప్పడాల్లా వాలిపోయాయి.
"వీటికి రిపేరు ఉండదు నాయనా,
మొదటినించీ కుట్టుకోవాల్సిందే."

బిల్లు మూడొందల అరవై.
గ్రీమ్స్‌పేట ఆఫీసులో రైటరు
కిల్టును అటూ ఇటూ తిప్పాడు.
"ఏం చేసినావమ్మా? ఏమీ కనపళ్ళేదే."
"కనపడకుండా చేసినందుకే సార్."
ఇరవై కొట్టేసి సంతకం పెట్టాడు.

పెరేడు రోజు ముందు వరసకు పోలేదు.
బ్యాండు దాటిపోయాక వెనకనించి చూశాను.
ఏకాంబరం బుగ్గలు ఎంత ఉబ్బాయో నాకు తెలీదు.
అడుగు పడ్డప్పుడల్లా కుచ్చులు విచ్చుకుని
మళ్ళీ ఎక్కడివక్కడ చేరుకున్నాయి.

అస్తరు మూసే ముందు
ఆ పాత అంకె పక్కన నేనూ రాశాను,
మా అయ్య అప్పుల పుస్తకంలో రాసినట్టు
౩౭ అని.
ఇంకో అంగుళం లోపలే ఉంది.
రేపు దీన్ని విప్పేవాడు
తెలుగు అంకెలు తెలిసిన ముసలాళ్ళను
ఎవరినో వెతుక్కోవాల.